సంఘ నాయకుడి గుణం ఎవరికి తెలుస్తుంది?

ఒక సంఘానికి కొత్త పాస్టర్ గారు కావాల్సి వచ్చినప్పుడు పెద్దల మధ్య నడిచే ప్రశ్నలు మనకు తెలిసినవే. వాక్యం బాగా చెబుతారా? పాట పాడగలరా? ఏ బైబిల్ కాలేజీలో చదివారు? యూత్‌ను నిలబెట్టగలరా? ఫారిన్‌లో పరిచయాలేమైనా ఉన్నాయా? ఇవన్నీ అయ్యాక ఎవరో ఒకరు గొంతు తగ్గించి, "ఇంతకీ వాళ్లేమిట్లు?" అని కులం అడుగుతారు.

అపొస్తలుడు పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలోని ప్రశ్నలు వేరు. సంఘానికి అధ్యక్షుడుగా ఉండేవాడు నిందారహితుడు, ఏకపత్నీ పురుషుడు, మితానుభవుడు, స్వస్థబుద్ధి గలవాడు, మర్యాదస్థుడు, అతిథిప్రియుడు, బోధింపతగినవాడు అయి ఉండాలి. తాగుబోతు కాకూడదు, చెయ్యి చేసుకునేవాడు కాకూడదు. సాత్వికుడై ఉండాలి, జగడాలకు దిగకూడదు, డబ్బు మీద ఆశ ఉండకూడదు. తన ఇంటిని చక్కగా నడుపుకోవాలి. విశ్వాసంలోకి కొత్తగా వచ్చినవాడు కాకూడదు. సంఘం బయటివాళ్ల దగ్గర కూడా మంచి పేరు ఉండాలి. ఇంత పొడవైన జాబితాలో పనితనానికి సంబంధించింది ఒక్కటే, బోధించగలగడం. మిగతావన్నీ ఆ మనిషి ఎలా బతుకుతున్నాడో చెప్పేవి.

ఈ జాబితా మీద ప్రసంగాలకు కొదవ లేదు. ఒక్కో గుణాన్ని విడదీసి, అర్థం చెప్పి, ఉదాహరణలిచ్చి వివరిస్తారు. అది అవసరమే. అయితే దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉందని నా నమ్మకం. ఈ గుణాలు ఫలానా మనిషిలో ఉన్నాయో లేవో ఎవరికి తెలుస్తుంది? ఆదివారం ముప్పావుగంట ప్రసంగం విన్నవాళ్లకు ఇవి తెలిసే అవకాశం లేదు. జగడమాడతాడో లేదో కమిటీ మీటింగ్‌లో కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. డబ్బాశ సంగతి ట్రెజరర్‌కు తెలుస్తుంది. కోపం సంగతి భార్యకు, పిల్లలకు, ఇంట్లో పనిచేసే మనిషికి తెలుస్తుంది. బయటి పేరు కిరాణా కొట్టు ఆయనకు, అద్దె ఇంటి యజమానికి తెలుస్తుంది. అంటే ఈ జాబితాలో గుణాలతో పాటు సాక్షుల జాబితా కూడా ఉంది. మనం గుణాలను చదివి సాక్షులను వదిలేస్తున్నాం. చాలా అనర్థాలు అక్కడే మొదలవుతున్నాయి.

ఇంకో విషయం గమనించండి. ఇందులో దర్శనాలు లేవు, స్వస్థతలు లేవు, నలభై రోజుల ఉపవాసాలు లేవు. తాగకూడదు, కొట్టకూడదు అని చెప్పాల్సి రావడమే కొందరికి వింతగా అనిపిస్తుంది. కారణం ఆ పత్రికలోనే ఉంది. తిమోతి అప్పుడు ఎఫెసులో ఉన్నాడు. అక్కడ కొందరు బోధకులు వాదాలతో సంఘాన్ని చీలుస్తున్నారు, దైవభక్తిని లాభసాధనంగా చూస్తున్నారు. అలాంటివాళ్ల చేతిలో దెబ్బతిన్న సంఘాన్ని నిలబెట్టడానికి ఎలాంటి మనుషులు కావాలో ఈ జాబితా చెబుతోంది. క్రేతులో ఉన్న తీతుకు రాసిన పత్రికలోనూ దాదాపు ఇవే మాటలు. అక్కడ అహంకారి, ముక్కోపి కాకూడదన్నవి కూడా చేరాయి.

ఆ కాలపు లోకానికి కూడా ఇలాంటి జాబితాలు కొత్త కాదు. మొదటి శతాబ్దంలో ఒనసాండర్ అనే గ్రీకు రచయిత సేనాధిపతిని ఎలా ఎంచుకోవాలో రాశాడు. వంశం చూసో ఆస్తి చూసో ఎంచుకోవద్దన్నాడు. నిగ్రహం, డబ్బాశ లేకపోవడం, మాట నేర్పు, మంచి పేరు ఉండాలని, వీలైతే పిల్లల తండ్రి అయి ఉండాలని అన్నాడు. పౌలు జాబితాకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. సైన్యాన్ని నడిపేవాడి నుంచి లోకం కోరే కనీస మర్యాద సంఘాన్ని నడిపేవాడిలో లేకపోతే, బయటివాళ్లు సువార్తను ఎందుకు వినాలి? వెలుపటివారి సాక్ష్యం కావాలనడంలో ఈ ఆలోచన ఉంది. మన ఊళ్లలో ఇది ఇంకా సూటిగా వర్తిస్తుంది. పాస్టర్ గారు పక్కింటివాళ్ల స్థలంలోకి గోడ జరిపారా, అర్ధరాత్రి దాకా మైకు పెట్టి వద్దన్నా వినలేదా అన్నవి ఊరంతా చూస్తుంది. వాటిని 'హింస' అని చెప్పుకుని దాటేయడం తేలిక. హింస నిజంగా జరిగే చోట్లు ఉన్నాయి కాబట్టే, మన తప్పుకు వచ్చిన విమర్శకు ఆ పేరు పెట్టకూడదు.

'నిందారహితుడు' అనే మొదటి మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. పాపం లేని మనిషి ఎవరున్నారని అడుగుతారు. ఆ అర్థం తీసుకుంటే పేతురు కూడా పనికిరాడు. వేలెత్తి చూపి, రుజువు చేసి నిలబెట్టగల నింద లేనివాడని ఇక్కడి భావం. 'ఏకపత్నీ పురుషుడు' దగ్గర శతాబ్దాలుగా వాదాలు నడుస్తున్నాయి. బహుభార్యాత్వాన్ని కాదంటున్నాడని కొందరు, భార్య చనిపోయాక కూడా మళ్లీ పెళ్లి కూడదని కొందరు, విడాకులు తీసుకుని మరో పెళ్లి చేసుకున్నవారి గురించని మరికొందరు చెబుతారు. తూర్పు ఆర్థడాక్స్ సంఘాల సంప్రదాయంలో, భార్య పోయిన గురువు గురువుగా ఉంటూ మళ్లీ పెళ్లి చేసుకోవడం కుదరదు. పౌలుకు అప్పటికి భార్య లేదు కాబట్టి పెళ్లి కానివాళ్లు పనికిరారన్న అర్థం మాత్రం నిలవదు. చేసుకున్న భార్యకు నమ్మకంగా ఉన్నాడా అన్నదే అసలు సంగతని నాకు అనిపిస్తుంది. ఈ జాబితా పురుషుడిని ఉద్దేశించి ఉంది కాబట్టి స్త్రీలు నాయకులు కాకూడదా అన్న చర్చ వేరే ఉంది, సంఘాలు వేరువేరు జవాబులు చెప్పుకున్నాయి. 2013లో నంద్యాల డయోసిస్‌కు, అంటే ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతానికి, ఎగ్గోని పుష్పలలిత సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) తొలి మహిళా బిషప్ అయ్యారు. ఏ జవాబు చెప్పుకున్నా, చూడాల్సిన గుణాలు మాత్రం మారవు.

'కొట్టువాడు' కాకూడదన్న మాట దగ్గర మనం ఆగాల్సినంత సేపు ఆగడం లేదు. పాస్టర్ గారి ఇంట్లో కొట్టడం, తిట్టడం జరిగితే ఆ అమ్మగారు ఎవరికి చెప్పుకోవాలి? సంఘంలో మిగతా స్త్రీలు తమ కష్టం చెప్పుకోవడానికి వచ్చేది ఆవిడ దగ్గరకే. ఆవిడకు మాత్రం చెప్పుకునే చోటు లేదు. చెబితే పరిచర్య పాడవుతుంది, పరిచర్య పాడైతే ఇల్లు గడవదు, పైగా "దైవజనుడి పరువు తీసింది" అన్న మాట మిగులుతుంది. అందుకే చాలా ఇళ్లలో ఈ విషయం ఏళ్ల తరబడి బయటికి రాదు. కొత్త పాస్టర్‌ను తీసుకునే ముందు పెద్దల్లో అనుభవం ఉన్న ఒక స్త్రీ ఆ భార్యతో విడిగా కూర్చుని మాట్లాడే పద్ధతి ఎన్ని సంఘాల్లో ఉంది? డిగ్రీ సర్టిఫికెట్ చూడటం కంటే ఇది ముఖ్యం. మాట్లాడిన విషయం బయటికి పొక్కదన్న భరోసా కూడా ఆవిడకు ఇవ్వాలి.

పిల్లల సంగతి దీనికి భిన్నం. పాస్టర్ పిల్లలు మామూలు పిల్లలే. చర్చిలో ఫోన్ చూశారని, జీన్స్ వేసుకున్నారని వాళ్ల మీద పెట్టే టెన్షన్‌కు వాక్యంలో ఆధారం లేదు. లేఖనం తప్పుపట్టింది యాజకుడు ఏలీని. అతని కుమారులు బలి మాంసాన్ని దౌర్జన్యంగా లాక్కుంటున్నారు, ప్రత్యక్ష గుడారం దగ్గర సేవచేసే స్త్రీలతో తప్పుగా ప్రవర్తిస్తున్నారు. ఏలీకి ఆ సంగతి తెలుసు. మాటతో మందలించాడు కానీ యాజకత్వం నుంచి తప్పించలేదు. ఇంటిని ఏలడం అంటే పిల్లల హెయిర్‌కట్ మీద అధికారం అనుకోవడం పొరపాటు. సొంతవాళ్లు అధికారాన్ని వాడుకుని జనాన్ని దోచుకుంటుంటే ఆపగలడా లేదా అన్నది అక్కడ ప్రశ్న.

ప్రవక్త సమూయేలు కథ ఇంకా దగ్గరగా తగులుతుంది. ఆయన మచ్చలేనివాడు. అయినా ముసలితనంలో తన కుమారులు యోవేలు, అబీయాలను న్యాయాధిపతులుగా నియమించాడు. వాళ్లు లంచాలు తిన్నారు. ఇశ్రాయేలు పెద్దలు రామాకు వెళ్లి, నీ కుమారులు నీలాంటి నడవడి గలవారు కారని ఆయన ముఖం మీదే చెప్పారు. తండ్రి స్థాపించిన పరిచర్య కొడుక్కి, కోడలికి, అల్లుడికి ఆస్తిలా సంక్రమించడం మన తెలుగు ప్రాంతాల్లో మామూలైపోయింది. వాళ్లలో యోగ్యులు ఉండవచ్చు, ఉన్నారు కూడా. కానీ వాళ్ల యోగ్యతను వేరుగా పరీక్షించారా? తండ్రి మీద గౌరవంతో ఎవరూ నోరు మెదపకపోతే అది పరీక్ష కాదు. రామాకు వెళ్లిన పెద్దలకు సమూయేలు మీద గౌరవం లేక కాదు కదా, అడిగింది.

అదే సమూయేలు తర్వాత జనం ముందు నిలబడి తన లెక్క తానే అప్పగించాడు. ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి గాడిదనైనా పట్టుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం తిన్నానా, ఉంటే నా ఎదుట చెప్పండి అన్నాడు. డబ్బు విషయంలో మన సంఘాలు ఈ స్థాయికి చేరితే చాలు.

ధనాపేక్ష గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా మనసు దగ్గర ఆగిపోతాం. ఆయన నిజాయితీపరుడు, లెక్కలు అడిగితే బాధపడతారు అంటాం. పౌలు అలా ఆలోచించలేదు. యెరూషలేములోని పేదల కోసం సంఘాల దగ్గర పోగుచేసిన చందాను తీసుకెళ్లేటప్పుడు, సంఘాలే ఎంపిక చేసిన సోదరుణ్ణి తోడు పెట్టుకున్నాడు. ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా సరిగా ఉండాలని కారణం కూడా రాశాడు, కొరింథీయులకు రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో. అపొస్తలుడంతటివాడే డబ్బు సంచిని ఒంటరిగా మోయనన్నాడు. కానుకల డబ్బును ఇద్దరు కూర్చుని లెక్కపెట్టడం, బ్యాంకు ఖాతా వ్యక్తి పేరు మీద కాక సంఘం పేరు మీద ఉండటం, ఏడాదికోసారి లెక్కలు చదివి వినిపించడం, వీటిని అపనమ్మకం కింద తీసుకోనివాడే ధనాపేక్ష లేనివాడు. లెక్క అడిగితే కోపం వచ్చిందంటే ఆ కోపమే ఒక సమాచారం.

తొలి సంఘాలు దీన్ని ఎంత పట్టుదలగా చూశాయో 'దిడాఖే' అనే పాత రచనలో కనిపిస్తుంది. మొదటి శతాబ్దం చివరా రెండో శతాబ్దం మొదలా అని పండితులు తర్జనభర్జన పడే ఆ చిన్న పుస్తకం ప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికింది. ఊరూరా తిరిగే బోధకులను ఎలా చూడాలో అందులో ఉంది. వచ్చినవాడిని ప్రభువులా ఆదరించండి, ఒక రోజు, అవసరమైతే రెండో రోజు ఉండనివ్వండి, మూడు రోజులుంటే అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు దారికి రొట్టె ఇవ్వండి, డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. ఆత్మావేశంలో 'నాకు డబ్బివ్వండి' అంటే వినకండి, లేనివాళ్ల కోసం అడిగితే మాత్రం తప్పుపట్టకండి. ఇంత సూటిగా పరీక్ష పెట్టిన పుస్తకమే, అధ్యక్షులుగా సాత్వికులను, ధనాశ లేనివారిని, పరీక్షకు నిలిచినవారిని ఎన్నుకొమ్మని చెబుతుంది. టీవీ తెర కింద క్యూఆర్ కోడ్ పెట్టి, ఇంత విత్తితే ఇంత కోస్తారని చెప్పే ప్రవచనాలను ఆ సంఘాలు ఏమనేవో చెప్పనక్కర్లేదు.

మన దగ్గర దీనికి మంచి ఉదాహరణలు లేకపోలేదు. హైదరాబాదులోని హెబ్రోను కేంద్రంగా సంఘాలు నెలకొల్పిన భక్త్ సింగ్, డబ్బు కోసం బహిరంగంగా విజ్ఞప్తి చేయకూడదన్న నియమం పెట్టుకున్నారు. డబ్బాశకు దగ్గరి చుట్టం సంఖ్యల ఆశ. 1876 నుంచి 78 దాకా కరువు చెలరేగినప్పుడు ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని ఇచ్చారు. బాప్తిస్మం కోరి జనం వచ్చినా, కరువు సహాయం సాగినంత కాలం ఇవ్వడం ఆపేశారు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. సహాయం ముగిశాక 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ పెద్ద సంఖ్యనే అందరం చెప్పుకుంటాం. దానికి ముందు నెలల తరబడి సంఖ్యను కాదనుకున్న నిగ్రహమే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. మితానుభవుడు, స్వస్థబుద్ధి గలవాడు అంటే ఆచరణలో ఇలా ఉంటుంది.

అతిథిప్రియత్వం అనగానే బిర్యానీ వండి పెట్టడం గుర్తొస్తుంది. తెలుగు సంఘంలో దీనికి అసలు పరీక్ష, ఎవరిని ఇంటి లోపలికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటారన్నది. 1910లో ఎడిన్‌బరో మిషనరీ సభలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య మాట్లాడుతూ, మీరు మా కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులు కూడా కావాలని తెల్ల మిషనరీలను అడిగారు. తిరునెల్వేలి నుంచి డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని సేవచేస్తున్న తమిళుడాయన. 1912లో అక్కడే ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన అడిగిన ప్రశ్న ఇప్పుడు మనవాళ్లు మనవాళ్లనే అడగాలి. మాల సంఘం, మాదిగ సంఘం అని వేరువేరుగా కూర్చునే ఊళ్లున్నాయి. డయోసిస్ ఎన్నికల్లో ప్యానెళ్లు కులం లెక్కన కట్టడం బహిరంగ రహస్యం.

అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయంలో దీనికి జవాబుంది. రోజువారీ భోజనం పంచడంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారన్న ఫిర్యాదు వచ్చింది. అపొస్తలులు ఫిర్యాదు చేసినవాళ్లను తప్పుపట్టలేదు. మంచి పేరున్న ఏడుగురిని మీరే ఎన్నుకోండి అని జనానికి వదిలారు. జనం ఎన్నుకున్న ఏడుగురివీ గ్రీకు పేర్లే. నష్టపోయినవాళ్ల వైపు నుంచే పంచేవాళ్లను నిలబెట్టారన్నమాట. మంచి పేరు, ఆత్మతో నిండి ఉండటం, జ్ఞానం, ఈ మూడు గుణాలు అక్కడ అడిగారు. 'ఏమిట్లు' అన్న ప్రశ్నకు బదులు, ఇన్నాళ్లూ ఎవరికి వంతు రాలేదన్న ప్రశ్న వేసుకున్నారు.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఒక్క వాక్యంతో ఆగిపోతుంటాయి. "నా అభిషిక్తులను ముట్టకూడదు." పాస్టర్ మీద ఫిర్యాదు వచ్చినప్పుడల్లా వినిపించే ఈ మాట 105వ కీర్తనలోది. ఆ కీర్తన చదివితే, అక్కడ అభిషిక్తులు అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు. కొద్దిమందిగా, పరదేశులుగా తిరుగుతున్నవాళ్లను బలమైన రాజులు హింసించకూడదని దేవుడు గద్దించిన సందర్భం. బలహీనులను కాపాడిన మాటను బలవంతులకు కవచం చేయడం తగదు. దావీదు సౌలును చంపలేదని కూడా ఉదాహరణ చెబుతారు. నిజమే, చంపలేదు. కానీ ఏన్గెదీ గుహ బయట నిలబడి, అందరూ వినేలా, నువ్వు నాకు చేస్తున్నది అన్యాయమని నిలదీశాడు. ప్రవక్త నాతాను, రాజైన దావీదును నిలదీశాడు. అంతియొకయలో పౌలు పేతురును అందరి ఎదుట నిలదీశాడు. ప్రశ్నించడం, చెయ్యి వేయడం ఒకటి కావు.

అలాగని ప్రతి గుసగుసనూ నమ్మనక్కర్లేదు. పెద్ద మీద దోషారోపణ ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే తీసుకోమన్నాడు పౌలు. పనికట్టుకుని పాస్టర్లను వేధించే వర్గాలు కూడా మన సంఘాల్లో ఉన్నాయి, నిజాయితీగా పనిచేసే ఎందరో వాళ్ల వల్ల నలిగిపోయారు. అయితే ఆ తర్వాతి మాట కూడా అక్కడే ఉంది, తప్పు తేలితే అందరి ఎదుట గద్దించాలని. మొదటి మాటను పాటించి రెండోదాన్ని మరిచిపోతున్నాం. స్త్రీల మీద, పిల్లల మీద నేరం జరిగితే అది సంఘ పెద్దలు గదిలో కూర్చుని తేల్చాల్సింది కాదు, పోలీసులకు చెప్పాల్సింది.

నాయకుడు తప్పులో పట్టుబడినప్పుడు విశ్వాసులు ఒక ప్రశ్నతో నలిగిపోతారు. ఆయన చేతులమీదుగా నేను తీసుకున్న బాప్తిస్మం చెల్లుతుందా? ఆయన చేసిన పెళ్లి, ఇచ్చిన ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) సంగతేమిటి? ఇది పాత ప్రశ్నే. 303లో మొదలైన హింసలో ఉత్తరాఫ్రికాలో కొందరు బిషప్పులు లేఖనాలను రోమా అధికారులకు అప్పగించారు. అలాంటివాళ్ల చేతులమీద జరిగిన అభిషేకాలు చెల్లవని దొనాటస్ వర్గం విడిపోయింది. 314లో ఆర్ల్‌లో కూడిన బిషప్పుల సభ వాళ్ల వాదనను కాదంది. తర్వాత ఉత్తరాఫ్రికా బిషప్ అగస్టీన్, బాప్తిస్మం, బల్ల లాంటి సంస్కారాలు క్రీస్తువి, ఇచ్చే మనిషి అయోగ్యత వాటిని రద్దు చేయదని వాదించి నిలబెట్టాడు. కాబట్టి మీ బాప్తిస్మం చెల్లుతుంది. దీన్ని పట్టుకుని, 'అయితే ఆయన గుణం ఎలా ఉంటే ఏమి' అనడానికి మాత్రం వీల్లేదు. దేవుని కృప అయోగ్యుడి చేతినుంచి కూడా రాగలదు. అయోగ్యుడిని ఆ కుర్చీలో ఉంచడం మాత్రం సంఘం తప్పు.

క్షమాపణ, పదవి కూడా ఇలాగే కలగాపులగం అవుతుంటాయి. పశ్చాత్తాపపడిన నాయకుడిని క్షమించాలి, సహవాసంలో చేర్చుకోవాలి, అతని కుటుంబాన్ని వదిలేయకూడదు. వచ్చే నెలలోనే ప్రసంగ వేదిక ఎక్కించాలని ఎక్కడా లేదు. "త్వరపడి ఎవరి మీదా చేతులుంచవద్దు" అన్నది మొదటిసారి అభిషేకానికి ఎంత వర్తిస్తుందో, తిరిగి తీసుకోవడానికీ అంతే వర్తిస్తుంది. ఏదో సంచలన సాక్ష్యంతో ఈ మధ్యే విశ్వాసంలోకి వచ్చిన ప్రముఖుడిని మహాసభల్లో బోధకుడిగా నిలబెట్టే అలవాటుకూ ఇదే జవాబు. ఆ తొందరలో నలిగేది ఆయన ఆత్మే.

పెద్ద డయోసిస్‌లకైతే రాజ్యాంగాలు, కమిటీలు ఉన్నాయి, వాడినా వాడకపోయినా. ఎవరికీ లోబడని స్వతంత్ర సంఘాలు ఇప్పుడు ఊరూరా, వీధివీధిలో ఉన్నాయి. ఒకే కాపరి, ఆయన కుటుంబం, యాభై మంది విశ్వాసులు. అలాంటిచోట పెద్దలను నియమించుకోవడమే మొదటి అడుగు. తొలి సంఘాల్లో పెద్దలు ఒక్కరుగా కాక కొందరుగా ఉండేవారు. మనుషులు దొరకకపోతే చుట్టుపక్కల రెండు మూడు సంఘాల కాపరులు, విశ్వాసులు కలిసి ఏడాదికోసారి ఒకరి లెక్కలు ఒకరు చూసుకోవచ్చు, ఒకరి ఇంటికి ఒకరు వెళ్లి రెండు రోజులు ఉండి రావచ్చు, సంఘ సభ్యులతో కాపరి లేనప్పుడు మాట్లాడవచ్చు. దీనికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఖర్చు లేదు. కాపరి తానే పూనుకుని పక్క ఊరి పాస్టర్ గారికి ఫోన్ చేసి, మా పాసుబుక్కు, మా ఇల్లు వచ్చి చూడండి అని పిలవాలి.